ఫోను మీ చేతిలోనే ఉండనివ్వండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఈ శీర్షికను మొదటిసారి చూస్తున్నవారికి నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. 32 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం తెనాలిలోనే గడిచింది. రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఉదయం గ్రంథాలయంలో పెద్దవాళ్లకు, పొదుపు సంఘాల మహిళలకు ఫోను వాడటం నేర్పుతున్నాను. అక్కడ నా కళ్లతో చూసిన వాటినే ఎక్కువగా ఇక్కడ రాస్తుంటాను.

ప్రశ్న: నా వయసు 67. మా వారు పోయాక పిల్లలు పెద్ద ఫోను కొనిచ్చారు. అందులో ఏది నొక్కినా ఏమైపోతుందోనని భయం. కరెంటు బిల్లు ఎలా కట్టాలో చూపించమని అడిగితే ఫోను చేతిలోంచి తీసుకుని, రెండు నిమిషాల్లో పని చేసేసి, 'అయిపోయిందమ్మా' అని తిరిగి ఇచ్చేస్తారు. మళ్లీ నెల వచ్చేసరికి నా పరిస్థితి మొదటికే. ఈ వయసులో నాకు వస్తుందా?
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: అమ్మా, వస్తుంది. ఇంతవరకు ఎందుకు రాలేదో మీ ఉత్తరంలోనే ఉంది. మీ పిల్లలు బిల్లు కడుతున్నారు, మీకు నేర్పడం లేదు. ఆ రెండు నిమిషాలూ ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఆ పని అలవాటవుతుంది.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మా శాఖలో లెడ్జర్లు తీసేసి కంప్యూటర్లు పెట్టిన కొత్తలో నా పక్క సీట్లో ఒక కుర్రాడు ఉండేవాడు. చాలా మంచివాడు. నేను ఎక్కడ ఆగినా కుర్చీ జరుపుకుని వచ్చి, నాలుగు మీటలు నొక్కి, 'ఇదిగో మేడమ్' అని వెళ్లిపోయేవాడు. అలా నాలుగు నెలలు గడిచినా నాకు ఒక్క పని కూడా సొంతంగా రాలేదు. తర్వాత అతను పెళ్లికి పదిహేను రోజులు సెలవు పెట్టాడు. ఆ పదిహేను రోజుల్లో నేను మొత్తం నేర్చుకున్నాను. కౌంటర్ ముందు మనుషులు నిలబడి ఉంటే, తెర మీద రాసి ఉన్నది ఒక్కొక్క మాటా చదవక తప్పలేదు. చదివాక అర్థమైంది, అది నన్ను అడుగుతున్నవి నాకు తెలిసిన విషయాలేనని.

మా తరగతిలో అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్ల ఫోనును ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితో మాత్రమే చెప్పాలి. ఈ మాట మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఇక భయం సంగతి. మొన్న ఒక ఆదివారం మీ వయసే ఉన్న ఒకావిడ తెర మీది బొమ్మను నొక్కితే బొమ్మలన్నీ వణకడం మొదలుపెట్టాయి. ఆవిడ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టేసి, 'పాడుచేశానమ్మా' అన్నారు. ఏమీ పాడవలేదు. కాలింగ్ బెల్ నొక్కినట్టు వేలు అదిమిపెట్టి ఉంచారు, అంతే. అలా అదిమిపెడితే ఫోను దాన్ని వేరే ఆజ్ఞగా తీసుకుంటుంది. 'అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకునేటప్పుడు వేలు ఎంతసేపు ఆనుతుందో అంతసేపే ఆనించండి' అన్నాను. ఆవిడ ఫోను తిప్పి, బొట్టు పెట్టినట్టే తాకారు. తెరుచుకుంది. ఆ రోజు ఆవిడ ఫోనులో ఉన్న బొమ్మలన్నింటికీ వరసగా బొట్లు పెట్టారు.

ఇంకో చిన్న విషయం. ఈ తెరలు మన శరీరానికున్న విద్యుత్ గుణాన్ని పసిగట్టి పనిచేస్తాయి. వయసు పెరిగేకొద్దీ వేళ్ల చర్మం పొడిబారుతుంది, అప్పుడు తాకిడి సరిగా అందదు. చాలామంది అది తమ తెలివితక్కువతనం అనుకుని కుంగిపోతారు. చేతులకు కాస్త నూనె రాసి, తుడుచుకుని చూడండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాలు పెద్దవి చేసుకోండి, భాషను తెలుగులోకి మార్చుకోండి. ఒక నోటుపుస్తకంలో, మీ చేతిరాతతో, కరెంటు బిల్లు కట్టే వరుస రాసుకోండి. తెర మీద ఏ మాట కనిపిస్తే ఆ మాటే రాయండి. నెలకు ఒక్క పని చాలు.

తప్పు నొక్కితే ఫోను పాడవదు. మూడు చోట్ల మాత్రం వేలు ఆపాలి: పిన్ అడిగినప్పుడు, ఓటీపీ అడిగినప్పుడు, కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేయమన్నప్పుడు. ఆ మూడు మాటల్నీ మీ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకోండి. మిగతా తెరంతా మీ ఇష్టం, తిరిగి చూడండి.

గ్రామీణుల కోసం కేంద్రం 2017లో మొదలుపెట్టిన డిజిటల్ అక్షరాస్యత పథకంలో శిక్షణకు 14 నుంచి 60 ఏళ్ల వయసు పెట్టారు. అరవై దాటినవాళ్లను అలా వదిలేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కేరళలో ఆ గీత గీయలేదు. ఇంటింటికీ వెళ్లి నేర్పి, 2025 ఆగస్టులో తమది సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించిన రాష్ట్రమని ప్రకటించుకున్నారు. అక్కడ నేర్చుకున్నవారిలో నూరేళ్లు దాటిన పెద్దాయన కూడా ఉన్నారు. మీకింకా 67 ఏళ్లే కదమ్మా.

ప్రశ్న: నాకు టిఫిన్ బండి ఉంది. పొద్దున రద్దీలో ఒకతను 180 రూపాయల టిఫిన్ కట్టించుకుని, 'అన్నా, పొరపాటున 1,800 కొట్టాను' అంటూ తన ఫోను చూపించాడు. నా ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. మిగతా 1,620 తిరిగి పంపాను. రాత్రి లెక్క చూసుకుంటే ఆ 1,800 నాకు రానే లేదు. ఇక నగదు తప్ప తీసుకోకూడదని అనుకుంటున్నాను. అంతేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, పొద్దున ఏడింటికి ఒక చేత్తో దోసె తిప్పుతూ, ఒక చేత్తో చట్నీ కడుతూ ఉన్న మనిషిని వెతుక్కుని వచ్చి చేసే మోసం ఇది. నీ కష్టార్జితం అలా పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

అతను చూపించిన తెర బొమ్మ కావచ్చు. ఇలాంటి బొమ్మలు తయారుచేసే దొంగ యాప్‌లు ఉన్నాయి. మెసేజ్ కూడా బ్యాంకు పంపింది కాదు. బ్యాంకు మెసేజ్ వచ్చినట్టే మాటలు పేర్చి, మామూలు నంబరు నుంచి ఎవరైనా పంపవచ్చు. నా కౌంటర్లో 32 ఏళ్లూ నేను ఒకటే పద్ధతి పాటించాను. డబ్బు లెక్కపెట్టి నా సొరుగులో వేసుకున్నాకే చలానా మీద ముద్ర వేసేదాన్ని. ఎదుటి మనిషి ఎంత పెద్దవాడైనా, ఎంత తొందరలో ఉన్నా అంతే. నీ సొరుగు నీ యాప్‌లోని ఖాతా. అతని ఫోనూ కాదు, నీ ఫోనుకు వచ్చిన మెసేజ్ కూడా కాదు.

యూపీఐ 2016లో వచ్చింది. ఇన్నేళ్లుగా రోజూ వాడుతున్నవాళ్లకు కూడా ఒక సంగతి స్పష్టంగా తెలియడం లేదని మా తరగతిలో చూస్తున్నాను. మన ఖాతాలోంచి డబ్బు బయటికి పోవడానికి సాధారణంగా పిన్ కావాలి, నిల్వ ఎంతుందో చూసుకోవడానికీ పిన్ కావాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, మనం ఏ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు. 'డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి' అని ఎవరైనా అంటే అతను మన డబ్బు తీసుకోబోతున్నాడన్నమాట. వ్యక్తుల మధ్య ఇలా డబ్బు అడుగుతూ అభ్యర్థన పంపే సదుపాయాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది కూడా. ఆ దారి మూసుకుపోయినా, నీకు జరిగినట్టు వేరే దారులు తెరుచుకుంటూనే ఉంటాయి.

నువ్వు ఆ రాత్రే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేసి ఉంటే బాగుండేది. ఆ డబ్బు అవతలి ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. ఇప్పుడైనా ఫిర్యాదు ఇవ్వు. నీ యాప్‌లో ఆ చెల్లింపును తెరిస్తే పొడవాటి లావాదేవీ సంఖ్య ఉంటుంది, అది రాసి పెట్టుకో. బ్యాంకుకూ తెలియజెయ్యి. మన ప్రమేయం, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది. నీ విషయంలో పంపింది నువ్వే కాబట్టి అది వర్తించడం కష్టం. ఆశ పెట్టి నిన్ను తిప్పించడం నాకు ఇష్టం లేదు, అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నగదు ఒక్కటే తీసుకుంటానంటే నీకే బేరం పోతుంది. సౌండ్ బాక్స్ పెట్టుకో. అది పలికితేనే పొట్లం చేతికివ్వు. ఎవరైనా 'ఎక్కువ పంపాను' అంటే, 'పొయ్యి దగ్గర ఉన్నాను, ఖాతా చూసి సాయంత్రం పంపిస్తాను' అను. నిజంగా పంపినవాడు సాయంత్రం వరకు ఆగుతాడు. ఇంకొకటి, రోజూ బండి తెరవగానే నీ క్యూఆర్ కోడ్ కాగితాన్ని గోటితో గీకి చూసుకో. దాని మీద వేరేవాళ్ల కోడ్ అంటించి పోయిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఇరవై ఏళ్ల క్రితం డీటీపీ కేంద్రంలో టైపు చేయించిన నా కథలు సీడీలో ఉన్నాయి. ఇప్పుడు తెరిస్తే గీతలూ చుక్కలూ ఇంగ్లీషు అక్షరాలూ కనిపిస్తున్నాయి. అవి పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మాస్టారూ, పోలేదు. మీ కథలు ఆ గీతల వెనకే భద్రంగా ఉన్నాయి.

ఆ రోజుల్లో మన డీటీపీ కేంద్రాలు అను వంటి ఫాంట్లు వాడేవి. వాటిలో తెలుగు అక్షరాలకు సొంత స్థానం ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టేవారు. కాబట్టి కంప్యూటర్ దృష్టిలో మీరు రాసింది ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగుగా కనిపిస్తుంది, లేనిచోట అసలు రంగు బయటపడుతుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే అందులో తెలుగుకు సొంత చోటు ఉంది. 'అ'కు 3077, 'క'కు 3093, ఇలా ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. అందుకే మీ మనవడు ఏ దేశంలో ఏ ఫోనులో తెరిచినా 'క' అనేది 'క'గానే కనిపిస్తుంది.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ముందు సీడీలోని ఫైళ్లను రెండు చోట్ల నకలు తీయించండి. సీడీలు కాలం గడిచేకొద్దీ చెడిపోతాయి. తర్వాత ఒక్కొక్క కథే మార్చండి. మార్చాక వత్తులూ గుణింతాలూ మీరే స్వయంగా దిద్దాలి. ఆ పనికి మీకంటే తగినవారు ఎవరున్నారు!

మన వత్తుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో కూర్చి మెసేజ్‌గా పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుసను ఆ యంత్రం తట్టుకోలేకపోయింది. కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేస్తూ కొత్త రూపం విడుదల చేయాల్సి వచ్చింది. మన భాషలో రోజూ టైపు చేసేవాళ్లు, తప్పు కనిపిస్తే చెప్పేవాళ్లు ఎంత ఎక్కువమంది ఉంటే ఇలాంటివి అంత త్వరగా బయటపడతాయి. మీరూ మొదలుపెట్టండి. కొత్త కథలకు మీటలు కష్టమనిపిస్తే మైకు గుర్తును తాకి మాట్లాడండి, ఫోను తెలుగులో రాసుకుంటుంది. 'ల'కూ 'ళ'కూ తేడా చూసి దిద్దుకోవాలి, అంతే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మీ ఊరి చరిత్ర, మీ బడి, మీ నల్లమల గురించి అందులో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆధారం చూపిస్తే చాలు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. గుంటూరులో అమ్మానాన్నా ఇద్దరే ఉంటారు. గత నెల నాన్నకు వీడియో కాల్ వచ్చింది. మీ పేరున మత్తుమందుల పార్సిల్ దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోను కట్ చేయవద్దు, ఎవరికీ చెప్పవద్దు అని ఆరు గంటలు కూర్చోబెట్టారు. అమ్మ పక్కింటివాళ్లను పిలవడంతో డబ్బు పోలేదు. కానీ నాన్న అప్పటి నుంచి ఫోను ముట్టుకోవడం లేదు. స్మార్ట్‌ఫోను తీసేసి చిన్న ఫోను ఇవ్వమని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అమ్మగారికి నా నమస్కారం. 'ఎవరికీ చెప్పవద్దు' అన్న గొంతు మాట వినకుండా పక్కింటి తలుపు తట్టారు. ఆ ఇంటిని కాపాడింది ఆ పనే.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. పోలీసులు వీడియోలో అరెస్టు చేయరు, కేసు తేలేదాకా డబ్బు ఫలానా ఖాతాలో వేయమని అడగరు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించే మాట్లాడి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని చెప్పారు. అయినా చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు చిక్కుతూనే ఉన్నారు. జీవితమంతా ఏ కాగితానికీ ఏ కార్యాలయానికీ ఎదురు చెప్పకుండా బతికినవాళ్లు కదా, యూనిఫాం కనిపించగానే జవాబు చెప్పుకోవాలని అనుకుంటారు. మీ నాన్నగారి నిజాయితీనే ఆ దొంగలు వాడుకున్నారు. ఆయనకు మీరు చెప్పాల్సిన మొదటి మాట అదే. 'మీరెలా నమ్మారు నాన్నా' అని మాత్రం ఎవరూ అనవద్దు.

ఫోను తీసేయవద్దు. తీసేస్తే ఆయన ఓడిపోయినట్టు మీరే తీర్పు ఇచ్చినట్టవుతుంది. పైగా మామూలు ఫోనుకూ ఇలాంటి కాల్స్ వస్తాయి. ఆయన చేతనే ఆ నంబరు మీద, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మోసపు కాల్స్ గురించి చెప్పే 'చక్షు' విభాగంలో ఫిర్యాదు చేయించండి. మీరు ఇక్కడికి వీడియోలో మాట్లాడుతూ దారి చెప్పండి, నొక్కేది ఆయనే కావాలి. ఆ తర్వాత మీ ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఇప్పుడు గొంతులను కూడా యంత్రంతో అనుకరిస్తున్నారు. రేపు మీ గొంతుతోనే 'నాన్నా, ప్రమాదంలో ఉన్నాను, డబ్బు పంపు' అని రావచ్చు. అప్పుడు ఆయన ఆ మాట అడగాలి. మీ చిన్నప్పటి పెరట్లోని చెట్టు పేరో, మీరు మాత్రమే పిలుచుకునే ముద్దుపేరో ఏదైనా సరే, ఎక్కడా రాసి పెట్టకండి. ఆ మాటను ఆయననే ఎంచమనండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ప్రాజెక్టుకు కావలసినవన్నీ కృత్రిమ మేధను అడిగి రాస్తున్నాను. లెక్చరర్ తప్పులున్నాయని తిప్పి పంపారు. నమ్మవచ్చా, వద్దా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తల్లీ, నేను కూడా వాడతాను. మా గ్రంథాలయం ఎప్పుడు కట్టారని మూడుసార్లు అడిగితే మూడు వేర్వేరు సంవత్సరాలు చెప్పింది. మూడుసార్లూ ఒకే ధీమాతో చెప్పింది. మాట పక్కన ఏ మాట రావాలో ఊహించి పేర్చడం దాని పని. ఆ పేర్పు నిజమో కాదో చూసుకోవడం నీ పని. మన ఊళ్ల గురించి, మన భాషలో రాతలు తక్కువగా ఉన్న విషయాల గురించి అడిగినప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. నీకు అర్థం కాని పాఠాన్ని విడమరచి చెప్పమని అడుగు, నువ్వు రాసిన దాంట్లో లోపాలు చెప్పమని అడుగు. సంవత్సరం, అంకె, మనిషి పేరు, పుస్తకం పేరు, ఈ నాలుగూ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీసి, పుస్తకంలోనో అసలు పత్రంలోనో చూసుకున్నాకే ప్రాజెక్టులో చేర్చు.

ప్రశ్న: మా అమ్మకు చదువు రాదు, సంతకం కూడా రాదు. ఉపాధి కూలి డబ్బు పడిందో లేదో తెలుసుకోవాలంటే ఊళ్లో ఎవరినో బతిమాలాలి. వేలిముద్ర వేయించుకుని డబ్బిచ్చే చోట, ఎంత ఉందని అడిగితే సరిగా చెప్పరు. నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. చదువే రాని మనిషికి ఫోను నేర్పగలమా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: నేర్పగలం బాబూ. అంకెలతో మొదలుపెట్టు. మీ అమ్మగారు వంద నోటునూ అయిదువందల నోటునూ ఎప్పుడైనా పొరబడ్డారా? పడి ఉండరు. ఆవిడకు అంకెలు సగం వచ్చినట్టే. మా తరగతిలో అక్షరం రాని ఒక అక్క తన కూతురి నంబరును పాటలా కంఠతా చెబుతూ, మీటల మీద వేలు ఎక్కడెక్కడ వాలాలో గుర్తుపెట్టుకుని కొట్టేది. ఒక్కొక్క అంకె నొక్కినప్పుడు దాని పేరు పైకి చెప్పించాం. మూడు ఆదివారాల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా వచ్చేశాయి.

మీ అమ్మగారి ఖాతాకు ఏ ఫోను నంబరు జతచేసి ఉందో ఈసారి ఊరు వెళ్లినప్పుడు బ్యాంకులో కనుక్కో. ఆ నంబరు ఆవిడదే కావాలి, నీదీ కాకూడదు, ఊళ్లో ఇంకొకరిదీ కాకూడదు. చాలా బ్యాంకులకు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో మెసేజ్ పంపే నంబరు ఉంటుంది. దాన్ని ఆవిడ ఫోనులో ఒకే మీట నొక్కితే పోయేలా పెట్టు. మెసేజ్‌లో మాటలు చదవలేకపోయినా అంకె చదవగలరు. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే కూడా తెచ్చింది, మీటల ఫోనుతోనే చెల్లింపులు చేయవచ్చు. అది తర్వాతి మెట్టు, తొందర లేదు.

వేలిముద్ర వేసే చోట మూడు పనులు నేర్పు. ఒక్కసారే వేలు పెట్టాలి. 'పడలేదు, మళ్లీ పెట్టు' అంటే అక్కడే నిలబడి మిస్డ్ కాల్ ఇచ్చి, నిల్వ తగ్గలేదని చూసుకున్నాకే రెండోసారి పెట్టాలి. యంత్రంలోంచి వచ్చే చీటీ చేతికి తీసుకోకుండా కదలకూడదు. మొదటిసారి నువ్వు పక్కన నిలబడు, ఫోను మాత్రం ఆవిడ చేతిలోనే ఉండాలి. ఆ అంకెను ఆవిడ తనంతట తాను చదివినప్పుడు మొదట ఏమన్నారో నాకు తప్పకుండా రాయి.